మందిరం గుమ్మం పక్కనున్న ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ నియమాల ఫ్లెక్సీ గారికి, ప్రభువు నామంలో వందనాలు.

మొన్న బల్లారాధన నాడు, అదే, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారం, తమరిని చదవకుండా లోపలికొచ్చేసినందుకు మా అమ్మ తరఫున క్షమాపణలు. 'నగలు ధరించినవారు బల్లలో పాల్గొనరాదు' అన్న మూడో నియమం ఆవిడ చూసుకోలేదు. నగలంటే నగలూ కావు, ఒక జత దుద్దులు. పాస్టరమ్మగారు సబ్బు ఇచ్చారు. పంపు దగ్గర నురుగు రాసి నేనే తిప్పాను. ముప్పయ్యేళ్ల సీల, కదిలితేనా! చెవితమ్మె కందిపోయింది. ఈలోపు రొట్టె పళ్లెం మా వరస దాటిపోయింది.

తమరికి తెలియని సంగతొకటి. ముందురోజు సాయంత్రమే మా అమ్మ, పదకొండేళ్లుగా మాటల్లేని మా పిన్ని ఇంటికి తనంతట తనే వెళ్లింది. గుమ్మంలో నిలబడి "తప్పు నాదేనే" అంది. ఇద్దరూ ఏడుస్తూ కూర్చుంటే టీ చల్లారిపోయింది. ముందు సహోదరుడితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పణ పెట్టమని బైబిల్లో మత్తయి 5లో ఉంది. ఆ నియమం తమరి మీద వేయించలేదేం? చోటు చాల్లేదేమో లెండి, కింద సగం దాతల ఫొటోలేగా.

ముందు వరసలో తెల్లబట్టల పెద్దాయన మాత్రం దర్జాగా రొట్టె తీసుకున్నారు. సొంత తమ్ముడి మీద పొలం గట్టు కేసు నడుపుతున్నారు. కోర్టు కాగితాలు చెవులకి వేలాడవు కదా.

మూడో నియమం కింద 1 పేతురు 3:3 అని అచ్చేశారు. ఆ వచనం నేనూ చదివాను. అందులో బంగారం కంటే ముందు జడలు అల్లుకోవడం ఉంది. మరి జడేసుకున్న వాళ్లందర్నీ పంపు దగ్గరికి పంపరేం, పాస్టరమ్మగారితో సహా? కింది వచనం హృదయం గురించి. అది గుమ్మం దగ్గర నిలబడి చూస్తే కనపడదు, అదీ తమరి చిక్కు.

దశమభాగం కవర్ల మీద పేర్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లని మైకులో దులపడం, వాటికి వేరే ఉత్తరం రాస్తాను.

యేసు చెప్పిన కథలో, తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి వేలికి ఉంగరం తొడిగించాడు, తెలుసా నీకు? వాడు ఆ పాతబట్టల్లో ఉండగానే మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. మా అమ్మకేమో సబ్బుముక్క! సిగ్గనిపించలేదూ?

ఇది చదివి వినిపిస్తే అమ్మ నన్నే తిట్టింది. వచ్చే నెల బల్లలోగా కంసాలి దగ్గరికి తీసుకెళ్లి సీల కోయించమంటోంది. ఆ ఆదివారం పిన్ని కూడా వస్తుందట.

పిన్నికి ముక్కుపుడక ఉంది.