స్టాక్‌హోంలో గణవిభజన

అమీర్‌పేటలో మూడు నెలలు ఫీజు కట్టి స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకున్న బాధితుడిగా ఈ ఫిర్యాదు రాస్తున్నాను. ప్రతివాది స్వీడన్‌కు చెందిన పాటల రచయిత, నిర్మాత మాక్స్ మార్టిన్. అసలు పేరు కార్ల్ మార్టిన్ శాండ్‌బెర్గ్. ఒకప్పుడు మెటల్ బ్యాండులో గొంతు చించుకున్న మనిషి.

1998లో బ్రిట్నీ స్పియర్స్‌కు ఆయన ఇచ్చిన పాటలో 'హిట్ మీ' అనే మాట ఉంది. 'నాకు ఫోన్ చెయ్యి' అనే ఉద్దేశంతో రాశారట. వినేవాళ్లకేమో 'నన్ను కొట్టు' అని వినిపించింది. అంతకుముందే టీఎల్‌సీ అనే అమెరికన్ బృందం ఆ పాట మాకొద్దు బాబోయ్ అంది. నేను అలాంటి తప్పు చేస్తే మా సార్ బల్ల మీద నిలబెట్టేవారు. ఆయన్ను మాత్రం అదే తప్పు అమెరికా నంబర్ వన్ స్థానంలో నిలబెట్టింది.

మరుసటి ఏడాది బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ అనే అమెరికన్ బృందం ఆయన పాటే 'ఐ వాంట్ ఇట్ దట్ వే' పాడింది. 'దట్ వే' అంటే ఏ వే? ఎవరికీ తెలియదు. అర్థమయ్యేలా తిరగరాసిన వెర్షన్ ఒకటి ఉంది. పాడేవాళ్లే దాన్ని పక్కన పెట్టి, అర్థం కానిదే ముద్దన్నారు.

ఇంతకీ ఆయన పట్టు దేని మీదంటే, అక్షరాల మీద. మొదటి పాదంలో ఎన్ని ఉంటే రెండో పాదంలోనూ అన్నే ఉండాలి. దీనికి అక్కడ పెట్టుకున్న పేరు 'మెలోడిక్ మ్యాథ్'. భ-ర-న-భ-భ-ర-వ అని ఉత్పలమాల గణాలు బట్టీ పట్టిన జాతికి ఇదో కొత్త సంగతా? నన్నయ కాలం నుంచీ లెక్కపెడుతూనే ఉన్నాం. అమెరికాలో పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక నుంచి ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. బహుశా పద్యంలో అర్థం కూడా పెట్టి చెడగొట్టుకున్నాం.

ఆయనకేమో పాతికకు పైగా నంబర్ వన్‌లు. రచయితల్లో ఆయన కంటే ముందున్నది బీటిల్స్ బృందం పాల్ మెకార్ట్నీ ఒక్కరే. ఇంత చేసి, ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. మన దగ్గరైతే ఆడియో ఫంక్షన్‌కు ముందే కటౌట్ లేచేది.

రహస్యమేమిటని అడిగితే, చిన్నప్పుడు సర్కారు డబ్బుతో నడిచే సంగీత పాఠశాల అంటారాయన. అక్కడ ఫ్రెంచ్ హార్న్ ఊదారట. మా బడి టైమ్‌టేబుల్‌లోనూ మ్యూజిక్ పీరియడ్ ఉండేది, శుక్రవారం ఆఖరిది. లెక్కల సార్ వచ్చి సిలబస్ పూర్తి చేసుకునేవారు. పాట అంటే లెక్కే అని స్టాక్‌హోం కంటే ముందే కనిపెట్టిన మా హెడ్‌మాస్టర్ గారికి అందరి తరఫునా ఆలస్యంగా క్షమాపణలు.