శ్లాబు గారికి అద్దెవాటా విన్నపం

మహారాజశ్రీ శ్లాబు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఆధార్, కరెంటు బిల్లు, పాస్‌బుక్కు జిరాక్సులతో మధ్యాహ్నమంతా సోలార్ మేళాలో నిలబెట్టి, చివరికి అడిగింది తమరి గురించే: “డాబా ఎవరి పేరున ఉంది?” అద్దె అనగానే జిరాక్సులు వెనక్కొచ్చాయి.

తమరి ఘనత తెలియనిది కాదు. నీడ పడని 300 చదరపు అడుగులుంటే 540 వాట్ల సోలార్ పలకలు ఆరు, నెలకు 350 యూనిట్లు అటూ ఇటూ. కేంద్రం వారి సూర్యఘర్ పథకం కింద తొలి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, వెరసి 78,000 సబ్సిడీ. అదీ లైనుకిచ్చిన కరెంటునూ, తీసుకున్న కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటరు బిగించి, తనిఖీ ముగిశాకే ఖాతాలో పడుతుంది. అందాకా సొంత డబ్బో, బ్యాంకు అప్పో.

రేకుల ఇళ్లవాళ్లను తమరు మనుషుల్లోనే లెక్కవేయరు. సిమెంటు రేకుకు బోల్టు వేస్తే పగులుతుంది, విడిగా ఇనప స్తంభాలు లేపితే ఆ ఖర్చుకు సబ్సిడీలో పద్దు లేదు. పోయిన తాతగారి పేరున సర్వీసు ఉన్నవాళ్లు పేరు మార్పిడి కాగితాల దగ్గరే ఆగిపోయారు.

అవన్నీ ఒకెత్తు, అద్దెవాటాకు ఓనరు బిగించిన మెట్ల కింద సబ్ మీటరు ఒకెత్తు. పైన పలకలున్న ఇంట్లో పగలు అద్దెవాటా ఫ్యాను తిరిగేది ఆ కరెంటుతోనే. ఓనరు గారికి ఎగుమతిలో దిగుమతి చెల్లిపోయి చిల్లర బిల్లు వస్తుంది. సబ్ మీటరు మాత్రం యూనిట్‌కు పది రూపాయలే! 90 యూనిట్లకు 900. అదే సొంత మీటరుంటే, తమరి పేరే పెట్టుకున్న తెలంగాణ టారిఫ్ శ్లాబుల్లో మొదటి 50కి 1.95, తర్వాతి 40కి 3.10, ఎనర్జీ ఛార్జీ 221.50. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తిస్తే అదీ సున్నా.

ఏమయ్యా శ్లాబూ, మే నెలంతా పగలు మింగిన ఎండను రాత్రి పదింటికి మా నెత్తిన కక్కుతావే, ఆ ఎండ కాసే కరెంటుకు మాత్రం పట్టా అడుగుతావా? ఒకచోట పలకలు పెట్టి, యూనిట్లను పదిమంది బిల్లుల్లో పంచే వర్చువల్ నెట్ మీటరింగుకు ఢిల్లీలో 2019లోనే నిబంధనలొచ్చాయి. జర్మనీలో అద్దెకున్నవాళ్లు బాల్కనీ కమ్మీకి పలకలు కట్టి ప్లగ్గులో గుచ్చుకుంటారు, 800 వాట్ల దాకా. ఇక్కడ బాల్కనీలో బట్టలారేయాలన్నా ఓనరమ్మ ఒప్పుకోవాలి.

ఒక్క మాట ఒప్పుకోవాలి: పలకల నీడ పడినంత మేర నువ్వు కాస్త చల్లబడతావు. ఇల్లు చల్లగా ఉంటుందని చెప్పి అద్దె ఐదొందలు పెంచారులే.

ఇట్లు,
నీ కింద ఉడుకుతున్న
అద్దెవాటా