కండిషన్ బాగుంది సార్

"కండిషన్ బాగుంది సార్" అన్న మూడు మాటల వాక్యానికి మన పండితులెవరూ ఇంతవరకు వ్యాకరణం రాయకపోవడం పెద్ద లోటు. పాత పత్రికలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉండే చిన్న లోకంలో పాతికేళ్లుగా తిరుగుతున్నాను. జేబుకు చిల్లు, ఇంట్లో చీవాట్లు, ముక్కులో శాశ్వతంగా దుమ్ము, ఈ అర్హతలతో ఆ పని నేనే మొదలుపెడుతున్నాను. ఆలస్యం చేస్తే లాభం లేదు. ఆ వాక్యం చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు, విని నమ్మేవాళ్లు అంతకంటే వేగంగా తగ్గిపోతున్నారు.

ముందుగా "ఫుల్" అన్న మాట. ఆబిడ్స్‌లో ఆదివారం పూట, మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల దగ్గర వంగి, 1968 నాటి వారపత్రిక ఒకటి చేతిలోకి తీసుకున్నారనుకోండి. "ఫుల్ ఉంది సార్" అంటాడు అమ్మే పెద్దాయన. ముందు అట్ట ఉంది, వెనక అట్ట ఉంది అని దానర్థం. మధ్యలో ఏముందన్నది వ్యాకరణం వాళ్ల భాషలో బహుళం. ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు, ఒకచోట ఉండీ లేనట్టుంటుంది.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. తప్పు మన అమ్మలది, అత్తలది, పిన్నులది. పత్రిక పిన్నులు ఊడదీసింది మన పిన్నులే. ఇంటిల్లిపాదీ చదవడం అయ్యాక సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, ట్రంకుపెట్టెలో వరసగా పేర్చేవాళ్లు. "సమాప్తం" పడిన వారం ఆ కట్ట బైండింగు షాపుకు వెళ్లేది. అక్కడ దబ్బనంతో కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదా బంకతో కలికో గుడ్డ అంటించి, వీపు మీద నవల పేరు రాసి ఇచ్చేవారు. ఒక పుస్తకం పుట్టేది, ఇరవై ముప్పై పత్రికలు చచ్చేవి.

మిగిలిన శరీరమైనా క్షేమంగా ఉండేదా అంటే అదీ లేదు. నాన్న గళ్లనుడికట్టు కత్తిరించి పోస్టులో పంపేవాడు. అన్నయ్య బాపు కార్టూన్లు కోసి నోటుపుస్తకంలో అంటించుకునేవాడు. వడ్డాది పాపయ్య అట్టబొమ్మ అయితే ఫ్రేములోకి, అక్కణ్ణించి ఒక్కోసారి దేవుడి గదిలోకి వెళ్లిపోయేది. రోజూ కుంకుమబొట్టు పెట్టించుకునే పత్రిక అట్టలు నేను కళ్లారా చూశాను. కాబట్టి ఒక సంచిక నిజంగానే ఫుల్‌గా దొరికిందంటే, ఆ ఇంట్లో దాన్ని ఎవరూ చదవలేదని లెక్క.

ఒకసారి ధైర్యం చేసి ఫిర్యాదు చేశాను. 33వ పేజీ నుంచి 36 దాకా లేవు అన్నాను. పెద్దాయన పత్రిక అందుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వేలు తడిచేసుకుని రెండుసార్లు తిప్పి చూశాడు. "అది సీరియల్ సార్. ముందు వారం లేదు, తర్వాత వారం లేదు. నడుమ నాలుగు పేజీలుంటే మాత్రం మీకేం సమజైతది?" అన్నాడు. సాహిత్య విమర్శ ఇంత సూటిగా నేను ఇంకెక్కడా వినలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను.

"కండిషన్" అన్నది ఇంకా లోతైన మాట. చెదలు తిన్నదాన్ని "కొంచెం గాలి తగిలింది" అంటారు. వానకు తడిసి అట్టకు అట్ట అతుక్కుపోతే "టైట్ కాపీ". బైండు చేసేటప్పుడు మిషన్ మీద అంచులు బారుగా కోసేసి ఉంటే ప్రతి పేజీలో చివరి లైను మన ఊహకు వదిలేసినట్టు. అద్దె పుస్తకాల షాపు నుంచి వచ్చిన సీరియల్ బైండు అయితే మరీ ప్రత్యేకం. 40వ పేజీలోనే ఎవరో మహానుభావుడు పెన్సిలుతో "హంతకుడు వీడే" అని రాసి బాణం గుర్తు వేసి ఉంటాడు. పెద్దాయన దానికి అదనంగా 20 రూపాయలు వేస్తాడు, చదివే కష్టం తప్పింది కదా అని.

తేదీల సంగతి వేరే శాస్త్రం. అట్ట పోయిన చందమామ ఏదైనా ఈ బజారులో 1950 నాటిదే. చందమామ 1947 జులైలో పుట్టింది కనక సరిపోయింది, లేకపోతే అందులో ఉప్పు సత్యాగ్రహం వార్తలు కూడా ఉన్నాయనేవారు. అయితే కొనేవాళ్లమూ ఉత్త చేతులతో వెళ్లం. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. లోపల ప్రకటనలో సబ్బు ధర నయాపైసల్లో ఉంటే అది 1950 కాదు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. చిరునామాలో మద్రాసు-26 అని ఉందా, మద్రాసు-600 026 అని ఉందా చూసుకుంటే చాలు, గుట్టు బయటపడుతుంది.

ఒక రోజు ఇదంతా వేలితో చూపించి, కోర్టులో లాయరులా నిలబడ్డాను. పెద్దాయన పిన్‌కోడ్ అంకెలన్నీ పైకి చదివాడు. "కంపెనీవాళ్లకు ముందే తెల్సుంటది సార్, పెద్ద కంపెనీ కదా" అన్నాడు. మర్యాదకు రేటు మాత్రం తగ్గించాడు. 1950 పత్రికగా 500 చెప్పినదాన్ని 1973 పత్రికగా 480కి ఇచ్చాడు. ఇరవై మూడేళ్ల చరిత్రకు ఇరవై రూపాయలు.

దొరకని సంచికలకు కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 1985లో మద్రాసు మూర్ మార్కెట్ కాలిపోయింది. పాత పుస్తకాలవాళ్లకు అది నిజంగానే పెద్ద దెబ్బ, అందులో నవ్వేదేమీ లేదు. కానీ ఆ మంట ఇంకా ఆరలేదు. భారతి అనే సాహిత్య మాసపత్రిక 1924లో మొదలై 1991లో ఆగింది. చివరి రోజుల భారతి చూద్దామని విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఒకాయన్ని 1990 సంచిక అడిగితే, "అదంతా మూర్ మార్కెట్‌లో పోయిందండీ" అని నిట్టూర్చాడు. కాలిన ఐదేళ్లకు అచ్చయిన పత్రికను కూడా వదల్లేదంటే ఆ అగ్ని మామూలు అగ్ని కాదు. నేనూ ఒక నిమిషం తల వంచుకుని నిలబడ్డాను.

వేటపాలెం వెళితే సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1918 నుంచీ ఉంది. పాత పత్రికలు అక్కడ కుదురుగా కూర్చుని చూసుకోవచ్చు. కానీ అక్కడ ఎవరూ "ఒకటే పీసు సార్, పొద్దున్నే ఒక డాక్టరుగారు అడిగి వెళ్లారు" అనరు. ఆ మాట వినకుండా పాత పత్రిక తెరిస్తే, పచ్చడి లేని ఇడ్లీలా ఉంటుంది నాకు.

ఇక మన వైపు. సేకర్తలు అనే పేరులో గాంభీర్యం ఉంది గానీ నోట్లో నిజం లేదు. "ఊరికే చూస్తున్నానండీ" అన్నది మా సంధ్యావందనం. కావలసిన సంచిక కంటబడగానే గుండె దడదడలాడుతుంది, చెయ్యి మాత్రం పక్కనున్న వ్యవసాయ మాసపత్రిక మీదికి వెళుతుంది. దాన్ని ఐదు నిమిషాలు శ్రద్ధగా చదువుతాం. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు గురించి నాకున్న పరిజ్ఞానమంతా ఇలా సంపాదించిందే. తర్వాత అక్కర్లేనివి ఏడెనిమిది ఏరి, అసలుదాన్ని ఐదోదిగా ఇరికించి, ఆవలిస్తూ "ఈ కట్టంతా కలిపి ఎంతకిస్తారు?" అని అడుగుతాం. పెద్దాయన కట్ట అందుకుని, పైనుంచి నాలుగు తీసి పక్కన పెట్టి, ఐదోది నా చేతిలో పెట్టాడు. "ఇది ఆరొందలు సార్. మిగతావి ఊరికే తీసుకపోండి." మొహంలో వెటకారం కూడా లేదు. డాక్టరు ఎక్స్‌రే చూపించినట్టు చూపించాడు.

"నా దగ్గర ఆల్రెడీ ఉందండీ, స్నేహితుడి కోసం అడుగుతున్నా" అన్నది ఇంకో మంత్రం. ఆ స్నేహితుడు నాచేత ఇప్పటికి రెండు బీరువాల పత్రికలు తెప్పించుకున్నాడు, ఒక్క టీ అయినా ఇప్పించలేదు. సేకర్తలు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే పద్ధతి గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. "రేపు జిరాక్స్ తీసి ఇచ్చేస్తా" అని తీసుకెళ్లినవాళ్లలో ముగ్గురికి ఈపాటికి మనవలు పుట్టారు. పరహస్తం గతం గతః.

ఇంతా విని ఈ వ్యాపారంలో నమ్మకం లేదనుకుంటే పొరపాటు. పెద్దాయన ఎంత అబద్ధం చెబుతాడో నాకు పైసాతో సహా తెలుసు. నేనెంత చెబుతానో ఆయనకు తెలుసు. బ్యాంకులో పాతికేళ్ల ఖాతా ఉన్నవాణ్ణి కూడా మళ్లీ మళ్లీ కేవైసీ పట్టుకురమ్మంటున్నారు. మాకు ఆ అవసరం రాలేదు. ఒకసారి నేను స్నానంలో ఉండగా ఆయన ఫోను చేస్తే మా ఆవిడ ఎత్తింది. ముందు వారం 800 పెట్టి కొన్న కట్ట సంగతి అడిగిందట. "అరవై రూపాయలు మేడమ్. సార్ మస్తు బేరం చేసిండని వదిలేసిన" అన్నాడట. నేను నేర్పలేదు, సైగ చెయ్యలేదు. సొంత తమ్ముడైనా అంత తొందరగా అందుకోడు.

ఆ నమ్మకాన్ని పరీక్షిద్దామని నాకు ఒకసారి దుర్బుద్ధి పుట్టింది. 1998లో కార్మిక వివాదంతో చందమామ ఆగిపోయింది. మళ్లీ మొదలవడానికి ఏడాది పైన పట్టింది. అంటే 1999 మార్చి చందమామ అనేది ఈ భూమ్మీదే లేదు. నేను వెళ్లి, ఏమీ ఎరగనట్టు, "99 మార్చి ఒక్కటే తక్కువైంది, అది దొరికితే సెట్టు పూర్తవుతుంది" అన్నాను. పెద్దాయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "చూసిన సార్. అట్ట మీద ఏనుగుంటది. గోడౌన్‌ల కింది వరసల ఉండాలె. టైమ్ పడతది."

ఏనుగు దగ్గర నేను జారిపోయాను. లేని సంచికకు ఏనుగు ఎక్కణ్ణించి వస్తుంది? ఎవరో పట్టుదల మనిషి గొడవల మధ్యే ఆ ఒక్క నెల అచ్చు వేసి ఉంటాడేమో అనిపించింది. 200 అడ్వాన్సు ఇచ్చాను. ఆరేళ్లయింది. కనపడినప్పుడల్లా "ఏనుగు సంగతేమైంది?" అని నేనే అడుగుతాను. "దొరుకుతది సార్" అంటాడు.

ఇప్పుడు ఆ ఫుట్‌పాత్ మీద గ్రూప్స్ గైడ్లు, నీట్ మెటీరియల్, కిలోల లెక్కన ఇంగ్లీషు నవలలు. చందమామ పూర్తిగా ఆగిపోయి పదేళ్లు దాటింది. పెద్దాయన సరుకంతా ఒక్క గోనెపట్టా మీదికి వచ్చేసింది. కుర్రవాళ్లు ఆగితే "పీడీఎఫ్ ఉందా అంకుల్?" అంటారు, లేదా అట్టలు మాత్రం చించి ఇమ్మంటారు, కాఫీ షాపు గోడకట. ఆయన కొడుకు పక్కనే ఫోన్ కవర్లు పెట్టుకున్నాడు. పొద్దున్నే కట్టలు విప్పే వేళకు ఒకప్పుడు ఏడెనిమిది మందిమి మోచేతులతో పొడుచుకునేవాళ్లం. పోయినేడాదికి మిగిలింది నేనూ, రిటైరైన ఒక తెలుగు మాస్టారూ. ఇద్దరం మాటల్లేకుండా ఒకరి చేతిలోది ఒకరు చూసుకునేవాళ్లం, పెళ్లి పందిట్లో వియ్యంకుళ్లలాగా.

మాస్టారు చనిపోయిన నెలకు పెద్దాయన నుంచి ఫోను వచ్చింది. "ఇంట్లోవాళ్లు పేపరాయనకు తూకానికి ఇచ్చేస్తుంటే నేనే ఆటో మాట్లాడి తెచ్చిన సార్. మీరు చూసినంకనే ఎవరికైనా." ఆ ఎవరికైనా అనడానికి ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

వెళ్లాను. కలరా ఉండల వాసన. ప్రతి సంచికలోనూ ఒక చీటీ, మాస్టారి గుండ్రటి అక్షరాలు. "17-20 పేజీలు లేవు. ఉన్నవన్నాడు." "వెనక అట్ట వేరే సంచికది. గమనించనట్టు ఊరుకున్నాను." "రూ. 250. ఇంట్లో 25 అని చెప్పితిని." ఒక నోటుపుస్తకంలో దొరకని సంచికల జాబితా ఉంది. చివర్లో ఎర్ర సిరాతో, "1999 మార్చి. అడ్వాన్సు 500. అట్ట మీద ఏనుగట."

పెద్దాయన నా భుజం మీదుగా వంగి చదివాడు. "మాస్టారి పైసలు అట్లనే ఉన్నయ్ సార్. దొరికితే ఇద్దామనుకున్న" అన్నాడు. ఆ సంచిక లేదని ఆయనకు తెలుసో తెలియదో, మొహం చూసి మొదటిసారి చెప్పలేకపోయాను.

కట్ట అడుగున యువ మాసపత్రిక దీపావళి సంచిక ఒకటి కనిపించింది. ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. చూడకపోవడమేం, మూడేళ్ల కిందట 150కి మాస్టారికి అమ్మింది నేనే. "ఫుల్ ఉంది మాస్టారూ" అని చెప్పి మరీ ఇచ్చాను. అందులోని రంగుల బొమ్మ పేజీ మా హాల్లో ఫ్రేములో ఉంది. చీటీ తీసి చదివాను. "బొమ్మ పేజీ లేదు. ఇతనూ నేర్చుకున్నాడు."

పెద్దాయన చూడకముందే చీటీ జేబులో పెట్టుకున్నాను.

"అది ఫుల్ సార్" అన్నాడాయన. "మూడొందలు. మాస్టారి కాపీ, కండిషన్ చూసే పనే లేదు."

బొమ్మ పేజీ లేదని నాకెలా తెలుసో చెప్పే దారి లేక పర్సు తీశాను.