ఎవరు రాశారో హిస్టరీలో ఉంటుంది
వికీ, అంటే అందరూ కలిసి రాసి దిద్దుకునే వెబ్ పేజీలు, వాటితో పాఠాలు చెప్పడం మీద ఒక ఆర్టికల్ చదివా. అందులో వికీలో గ్రూప్ ప్రాజెక్ట్ ఇస్తే పిల్లలందరూ సమానంగా పనిచేస్తారని రాశారు చూడండి, అక్కడే నాకు నవ్వొచ్చింది. నేను బెంగళూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో డీబీఎంఎస్, అంటే డేటాబేస్‌ల సబ్జెక్టు చెప్తా, మూడు సెమిస్టర్ల నుంచి మూడిల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్‌లో ఉండే వికీనే వాడుతున్నా. ఐదుగురిలో ఇద్దరు రాస్తారు, మిగతా ముగ్గురు సబ్మిషన్ ముందురోజు రాత్రి పదకొండింటికొచ్చి కామా తీసి ఫుల్‌స్టాప్ పెట్టి మేమూ ఎడిట్ చేశాం సార్ అంటారు. కాకపోతే వికీ పేజీ హిస్టరీలో ఎవరు ఎప్పుడు ఏ లైను మార్చారో మొత్తం ఉంటుంది, రెండు వెర్షన్లు పక్కపక్కన పెడితే దొంగ దొరికిపోతాడు, రికార్డు బుక్కుల్లో ఈ సౌకర్యం ఎక్కడిది. అయితే అరవై మందివి అలా చూడాలంటే నా ఆదివారం పోయినట్టే, ఆ సంగతి ఆర్టికల్‌లో ఎక్కడా లేదు. ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటా, నోరు విప్పని పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. అనంతపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి, కన్నడ రాదు, క్లాసులో ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం, అలాంటిది థర్డ్ నార్మల్ ఫామ్ (డేటాబేస్ టేబుళ్లలో ఒకే సమాచారం పదేపదే రాకుండా చూసే నియమం) పేజీలో ఉదాహరణ తప్పుందని పట్టుకుని హాస్టల్ మెస్ బిల్లుల టేబుల్ వేసి మొత్తం తిరగరాసింది. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ పెట్టింది కూడా ప్రోగ్రామర్లు తమకి తెలిసింది ఒకరికొకరు చెప్పుకోడానికేగా, మార్కుల కోసం కాదు. ఆ అమ్మాయి రాసిన పేజీ నేను తీసేయలేదు, ఈ ఏడాది జూనియర్లు టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టి అదే చదువుతున్నారు.