నాయిస్ రిడక్షన్ దొరవారికి ఒక విన్నపం

ఆడియో సాఫ్ట్‌వేర్‌లో అక్కర్లేని చప్పుడు తగ్గించే మీటయగు మహారాజశ్రీ నాయిస్ రిడక్షన్ స్లైడర్ దొరవారి దివ్య సముఖమునకు, నల్లగొండ నుంచి, సినిమాల్లో రికార్డయిన మాటలను శుభ్రం చేసే ఒక డైలాగ్ ఎడిటర్ నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీరు కుశలంగానే ఉంటారు. సున్నా దగ్గర నిలబెట్టినా, వంద దాకా ఈడ్చినా చలించని స్థితప్రజ్ఞులు మీరు. కుశలం తప్పినవి నా చెవులు, మీ పాలబడిన గొంతులు.

మాది 1946 నుంచి 1951 దాకా దొరలతో కొట్లాడిన జిల్లా. అయినా సినిమావాళ్లు మీ పేరెత్తినప్పుడు వాళ్ల గొంతులో పలికే భక్తి వింటుంటే, ఒక గడీ ఇంకా మిగిలే ఉందనిపిస్తుంది. షూటింగులో కుక్క మొరిగినా, లారీ హారన్ కొట్టినా, మైకు ఊడి పడినా అందరిదీ ఒకటే మంత్రం: "పోస్ట్‌లో చూసుకుందాం." పోస్ట్, అంటే షూటింగు తర్వాతి పని, నేననుకునేవాణ్ణి. కాదు, మీరే. నేను మీ మీట జరిపే జీతగాణ్ణి మాత్రమే.

మీ పేరు చెప్పుకుని ఏమేం జరుగుతున్నాయో మీకు తెలియకపోవచ్చు. మొన్నటి వేసవిలో ఒక వెబ్ సిరీస్‌కు మిర్యాలగూడ దగ్గర ఒక ఇంట్లో సన్నివేశం తీశారు. బయట 44 డిగ్రీలు. ఫ్యాను ఆపితే మేకప్ కారుతుందని ఆపలేదు. గోడ పక్కనే రైస్ మిల్లు. దాన్ని ఓ గంట ఆపమని అడుగుదామంటే, ఆ మిల్లు యజమానే నిర్మాతకు బావమరిది, పైగా పెట్టుబడిలో సగం ఆయనది. ఇంటి వెనక బోరు. దానికి ఆటో స్టార్టర్ ఉంది కాబట్టి, కరెంటు వచ్చినప్పుడల్లా ఎవరినీ అడగకుండా మోటారు తనంతట తానే లేస్తుంది. కథానాయిక కట్టుకున్నది గంజి పెట్టిన గద్వాల చీర. బట్టలకు తగిలించే చిన్న లేపల్ మైకు ఆ అంచుకు రాసుకుంటూ సన్నివేశమంతా గరగరలాడింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. ఫ్యాను, మిల్లు, మోటారు మూడూ ఆగాయి. సౌండ్ రికార్డిస్టు ఆనందంతో హెడ్‌ఫోన్స్ సర్దుకునే లోపల జనరేటర్ వేశారు.

ఆ రికార్డిస్టు పాపం ఇంకొకటి అడిగాడు. సన్నివేశం అయ్యాక అర నిమిషం ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఉంటే ఆ గది ఒట్టి చప్పుడు, అంటే రూమ్ టోన్, తీసుకుంటానన్నాడు. మాటల మధ్య ఖాళీలు పూడ్చాలన్నా, ఏది గది చప్పుడో మీకు నేర్పాలన్నా అదే ఆధారం. కానీ అప్పటికే యూనిట్ మొత్తం భోజనాల బండి దగ్గరుంది. నా దాకా వచ్చిన ఫైల్లో రూమ్ టోన్ అని రాసిన చోట "సాంబారు ఇంకా ఉందా?" అనే ప్రశ్న మాత్రం చాలా స్పష్టంగా రికార్డయింది. ఆ షూటింగులో పొందిగ్గా వచ్చిన డైలాగ్ అదొక్కటే.

మీ వంశం మంచిదే, కాదనను. 1965లో లండన్‌లో రే డాల్బీ గారు కంపెనీ పెట్టినప్పుడు పెట్టుకున్న పని చాలా మర్యాదైనది. టేపు బుసను తగ్గించడానికి, సన్నగా వినిపించే ధ్వనిని రికార్డు చేసేటప్పుడే పెంచి, వినిపించేటప్పుడు అంతే తగ్గించేవారు. టేపు తెచ్చిన చెత్తను టేపుతోనే పంపేశారు గాని, మైకు ముందు పలికిన దాని జోలికి పోలేదు. తర్వాత 1979లో స్టీవెన్ బోల్ అనే పరిశోధకుడు వర్ణపటం నుంచి తీసివేత చేసే పద్ధతిని వివరించారు. మాట లేని చోట చప్పుడు ఎలా ఉందో కొలిచి, మాట ఉన్న చోట ఆ కొలతను తీసేయడం. చదవడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! అయితే కొలత కాస్త అటూ ఇటూ అయిన చోటల్లా తీసివేత సరిపోక, సన్నని కిచకిచలు మిగిలిపోతాయి. వాటికి మా వృత్తిలో "మ్యూజికల్ నాయిస్" అని పేరు. దానికి సంగీతమని పేరు పెట్టిన వారెవరో గాని, వారి చెవికో దండం.

ఇప్పుడు మీరు కృత్రిమ మేధ అవతారం ఎత్తారు. కొలవడం మానేసి, వేల గంటల మాటలు విని, మాటంటే ఏమిటో నేర్చుకుని వచ్చారట. మంచిది. కానీ ఎవరి మాటలు విన్నారు? గదిలో కూర్చుని, మైకుకు దగ్గరగా, తీరిగ్గా చదివే గొంతులే ఎక్కువ విన్నట్టున్నారు. ఏడుస్తూ మాట్లాడేవాళ్లు మీకు అర్థం కారు. నవ్వు మధ్యలో వచ్చే మాటను తునకలు చేస్తారు. పొలం గట్టు మీద నిలబడి అవతలి గట్టుకు కేకేసే మనిషిని మొత్తంగానే కొట్టేస్తారు. గుసగుస సంగతి మరీ అన్యాయం. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు. అది అంతా ఊపిరి రాపిడే, అంటే మీ లెక్కలో అచ్చమైన చప్పుడు. స, శ, ష, హ కూడా అంతే. అవి పుట్టుకతోనే బుసలు. మిమ్మల్ని కాస్త పైకి జరిపితే ఆ అక్షరాల పదును పోయి, ఎదుటివాడికి పళ్లు ఊడిపోయాయా అని అనుమానం వస్తుంది. భర్త చెవిలో భార్య ఇంటి రహస్యం చెప్పే సన్నివేశాన్ని మీకిస్తే, మీరు భార్యను తీసేసి భర్తను ఉంచారు.

దురాజ్‌పల్లి పెద్దగట్టు విన్నారా? సూర్యాపేట పక్కనే. అక్కడ రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. బేరీలు మోగుతుంటే, వేల గొంతులు "ఓ లింగా, ఓ లింగా" అంటూ గట్టెక్కుతాయి. ఒక డాక్యుమెంటరీ కోసం ఆ జనం మధ్యలో ఒక ముసలమ్మను మాట్లాడించారు. కొత్త కోడలిగా తొలిసారి ఈ గట్టెక్కిన రోజు గురించి ఆమె చెబుతోంది. చుట్టూ ఉన్న హోరుకు తగ్గట్టు గొంతు పెంచింది, మెడ నరాలు ఉబ్బాయి, దరువు పడిన చోట ఆగింది, దరువు అందుకుని మళ్లీ మొదలుపెట్టింది. దర్శకురాలు ఆ ట్రాకును ముందే మీకు అప్పగించి, ఫలితాన్ని గర్వంగా నాకు పంపారు. జాతర మాయమైంది. ఖాళీ గదిలో ఒక ముసలమ్మ కారణం లేకుండా అరుస్తోంది, కారణం లేకుండా ఆగుతోంది. అదీ పూర్తిగా శుభ్రం కాలేదు. ఆ కేకలు కూడా మనుషుల గొంతులే కాబట్టి ఏది ఉంచాలో మీకు తోచలేదు. ఆమె అత్తగారి పేరు మధ్యలోకి సగం "లిం" వచ్చి దూరింది. "స్టూడియోలో తీసినట్టుంది కదండీ!" అన్నారు దర్శకురాలు. అచ్చంగా అలాగే ఉంది, ఆ మాట నేనూ ఒప్పుకున్నాను. అసలు ట్రాకు పంపమని అడిగితే, శుభ్రమైనది వచ్చాక మురికిది ఎందుకని హార్డ్ డిస్కులోంచి చెరిపేశామన్నారు.

కొలత గురించి ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మా ఊరి పేరు మీద ఒక శుద్ధి పద్ధతి ఉంది, నల్లగొండ టెక్నిక్. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతెంత నడుములను వంచిందో దేశానికంతా తెలుసు. ఆ ఫ్లోరైడును తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పితే మడ్డి అడుగుకు దిగుతుంది, ఫ్లోరైడూ దానితో దిగుతుంది. అయితే చేతికొచ్చినంత పటిక కుమ్మరించరు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారగుణం ఎంతుంది అని ముందు పరీక్షిస్తారు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు వస్తే చాలంటారు. పటిక మోతాదు మించితే ఫ్లోరైడ్ పోయినా అల్యూమినియం మిగులుతుంది. ఆ తెలివి ఉన్న జిల్లాలో, మిమ్మల్ని వంద దాకా లాగి "నీళ్లలా ఉంది ఆడియో" అని మురిసిపోతున్నారు.

మీ మేలు మరిచిపోయేంత కృతఘ్నుణ్ణి కాను. ఏసీ బుస మీద మీకు తిరుగు లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని జుమ్మనే హమ్మింగ్ 50, 100, 150 దగ్గర కుదురుగా కూర్చుంటుంది. అలా ఒకచోట ఉండేదాన్ని సన్నగా కోసి పారేయడం తేలికే. అక్కడా ఒక చిక్కు ఉందనుకోండి. మగవాళ్ల గొంతు అట్టడుగు శ్రుతి ఇంచుమించు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబెట్టి తీసిన సర్పంచి గారి ఉపన్యాసంలో హమ్మింగ్ మొత్తం తీసేస్తే, గాంభీర్యం కూడా కొంత దానితోనే పోయింది. ఆయనకు కోపం వచ్చింది. మీ మీద కాదు, నా మీద.

డబ్బింగ్ చెప్పించమని నేనెప్పుడైనా నోరు తెరిస్తే బడ్జెట్ లేదంటారు. నిజమే, చిన్న సినిమాకు మళ్లీ నటులందర్నీ పిలిపించి, థియేటర్ అద్దె కట్టి చెప్పించడం మాటలు కాదు. షూటింగులో బూమ్, అంటే మైకు కట్టిన పొడవాటి కర్ర, పట్టుకునే కుర్రాడి జీతం అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ అతన్ని మొదటి రోజే తీసేస్తారు. ఎందుకంటే మీరున్నారు.

కాబట్టి దొరవారు ఒక ఉపకారం చేయాలి. ఆరు డెసిబెల్స్ దాటి మిమ్మల్ని ఎవరైనా లాగబోతే కాస్త మొరాయించండి. తెర మీద ఒక చిన్న ప్రశ్న వేయండి: "ఫ్యాను ఎందుకు ఆపలేదు?" జవాబు టైపు చేస్తే గాని కదలకండి. నిర్మాతలు నాకు జవాబు చెప్పరు. మీకైతే చెబుతారు.

ఇట్లు,
తమ మీట జరిపే
ఒక డైలాగ్ ఎడిటర్,
నల్లగొండ.

తా.క.: ఇప్పుడే నిర్మాత ఫోన్ చేశారు. మిర్యాలగూడ సన్నివేశం మరీ బోసిగా ఉందట, వెనకాల కొంచెం పల్లె వాతావరణం కలపమంటున్నారు. వీలైతే పిట్టలు, దూరంగా ఒక బోరు మోటారు. మోటారు తేలిగ్గానే దొరికింది. పిట్టలు మాత్రం నేను కొన్న సౌండ్ లైబ్రరీలో అన్నీ ఇంగ్లండ్‌వే, వసంతకాలం ఉదయంపూట రికార్డు చేసినవి. అవే వేసి పంపాను. నేటివిటీ బ్రహ్మాండంగా ఉందన్నారు.