దొంగ తప్ప అందరూ దొరికారు

సంక్రాంతికి జనం ఊళ్ళు వెళ్ళినప్పుడే దొంగలకి సీజనని పేపర్లో చదివిన రోజు నుంచి మా బాబాయికి నిద్ర కరువైంది. ఇంటికి తాళం వేసి ఊరెళ్ళేవాళ్ళు అడిగితే పోలీసులే ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఆంధ్రాలో ఉంది. పైసా ఖర్చు లేదు. పిన్ని ఆ మాటే అంది. "ఊరికే వచ్చేదాన్ని నమ్మకూడదు" అని బాబాయి అలారం కిట్టు తెప్పించాడు. కాకినాడలో ఆ ఇంట్లో పోవడానికి ఏముందని అడక్కండి. పిన్ని ఇత్తడి బిందెలు, రిటైర్మెంటు రోజు బాబాయికి కప్పిన శాలువాలు.

బిగించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు గానీ బాబాయి అతని చేత స్టూలు పట్టించాడు. తలుపుకి అయస్కాంతం, గుమ్మానికి స్విచ్. తలుపు తెరిస్తే సర్క్యూట్ తెగి సైరన్ మోగుతుంది. "దొంగ తెలివిమీరి వైరు కోశాడనుకో, అదీ సర్క్యూట్ తెగడమే. అప్పుడూ మోగుతుంది!" అని వీధి వీధంతా చెప్పొచ్చాడు. మరి కరెంటు తీసేస్తే? లోపల 12 వోల్టుల బ్యాటరీ ఉంది. బాబాయికి తట్టని ఎత్తు ఏ దొంగకీ తట్టదు.

హాల్లోది మోషన్ సెన్సర్. మనిషి కదిలితే ఒంటి వేడిని బట్టి పసిగడుతుంది. కిటికీకి ఎదురుగా పెడితే ఎండకి కూడా మోగుతుందండీ అని స్టూలు పట్టుకునే మొత్తుకున్నాడు ఎలక్ట్రీషియన్. "దొంగ వచ్చేదే కిటికీలోంచి. నా సెన్సర్ని గోడ చూస్తూ కూర్చోమంటావా?" అని బాబాయి సరిగ్గా అక్కడే బిగించాడు.

మొదట దొరికినవాడు సూర్యుడు. బాబాయి మధ్యాహ్నం కునుక్కి కూడా అలారం ఆన్ చేసేవాడు మరి. తర్వాత సెన్సర్ మీద పాకిన బల్లి. బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగంలో ఉంటుంది గానీ, సెన్సర్ మీద పాకితే ఏమవుతుందో పాపం అందులో రాయలేదు.

ఆ తర్వాత పిన్ని. తలుపు తీశాక కోడ్ నొక్కడానికి 30 సెకన్ల గడువు. చేతిలో కూరల సంచీతోనే తమ పెళ్ళిరోజు నొక్కింది. మోగింది. బాబాయి పెట్టుకున్న కోడ్ ఆయన ఉద్యోగంలో చేరిన తేదీ. సైరన్ అయితే తొందరగానే ఆగింది.

వీధివాళ్ళు కూడా అలవాటు పడిపోయారు. అది మోగితే "మేష్టారు నిద్ర లేచినట్టున్నారు" అనుకుని టీవీ సౌండు పెంచుకునేవారు. అందుకని బాబాయి సిమ్ము వేసే డయలర్ ఒకటి తగిలించాడు. సైరన్ మోగగానే అందులో పెట్టిన నంబర్లకి వరసగా ఫోన్లు చేసి, మనం రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. బాబాయి గొంతు సవరించుకుని రికార్డు చేశాడు: "నేను మాట్లాడుతున్నాను. మా ఇంట్లో దొంగలు పడ్డారు. వెంటనే రండి." మొదటి నంబరు తనదే పెట్టుకున్నాడు.

భోగి ముందు రాత్రి అందరం అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఉన్నాం. దొంగ వైరు కోసినా మోగుతుందన్నాడు కదా, ఎలుక కొరికినా మోగుతుందట. అది మర్నాడు తెలిసిందనుకోండి. ఆ రాత్రి మాత్రం బాబాయి మంచం మీద గురక పెడుతున్నాడు, ఆయన ఫోను మామ్మ మంచం పక్కన ఛార్జింగులో ఉంది. మోగితే మామ్మే ఎత్తింది.

"నేను మాట్లాడుతున్నాను. మా ఇంట్లో దొంగలు పడ్డారు. వెంటనే రండి."

మామ్మ ఫోను వంక చూసింది. ఎదురు మంచం మీద కొడుకు వంక చూసింది. మళ్ళీ ఫోను చెవిన పెట్టుకుంది.

"గట్టిగా అరవకురా నాయనా, నువ్విక్కడ పడుకున్నావు, లేస్తావు."