ఉగాదికి మిద్దె మీద ఆకుకూరలు చాలు, మిగతాది రైతుబజారులో

శివరాత్రి దాటి ఎండ ముదిరే వేళకు నగరాల్లో నర్సరీలకు గిరాకీ పెరుగుతుంది. గ్రో బ్యాగులు, కోకోపీట్ ఇటుకలు, విత్తన ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఉగాది సెలవుకి మిద్దె మీద టమాటా, క్యాప్సికం, బీన్స్ పెట్టేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. మే వచ్చేసరికి ఆ బ్యాగుల్లో ఎండుపుల్లలు మిగులుతాయి. మన చేతికి మొక్కలు రావులే అని సరిపెట్టుకుంటారు. వాళ్ల చేతికి వంక పెట్టాల్సిన పని లేదు, ఎంచుకున్న నెలే తప్పు.

వసంతంలో విత్తనం వెయ్యడం చలిదేశాల పద్ధతి. అక్కడ మంచు కరిగి నేల మెత్తబడేది అప్పుడే. మనకు ఫాల్గుణం, చైత్రం అంటే రబీ పంట ఇంటికొచ్చే రోజులు. కొత్తగా విత్తడానికి మృగశిర కార్తె, అంటే జూన్ దాకా ఆగాలి. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటాలో పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. పొలంలోనైతే వేరు లోతుకు దిగి కాస్త చల్లదనం వెతుక్కుంటుంది. కాలే శ్లాబు మీది నల్ల బ్యాగులో దానికి ఎటు పోయినా వేడే. రోళ్లు పగిలే రోహిణి కార్తెను ఆ మొక్క ఎలా దాటాలి?

అలాగని మిద్దెను ఖాళీగా వదిలెయ్యక్కర్లేదు. తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. గోంగూర, బచ్చలి ఎండకు పెద్దగా జడవవు. కొత్తిమీర మాత్రం వేడికి తొందరగా పూతకొచ్చేస్తుంది కాబట్టి గోడ నీడన పెట్టుకోవాలి. ఇక గంగవాయిలి కూర ఎవరూ విత్తకుండానే కుండీ అంచుల్లో మొలుస్తుంది. చాలామంది కలుపని పీకి పారేస్తారు. మామిడికాయ ముక్క వేసి పప్పులో ఉడికిస్తే ఈ కాలానికి అంతకంటే మంచి కూర ఉండదని నా అభిప్రాయం. కుండీలను ఇటుకల మీద ఎత్తిపెట్టి, మట్టి పైన ఎండుటాకులు కప్పి, గ్రీన్ నెట్ కడితే ఆకుకూరలకు సరిపోతుంది. వంగ, బెండ, మందార ఉన్నవాళ్లు ఆకుల అడుగున తెల్లటి పిండినల్లి కనబడుతుందేమో రోజూ చూసుకోవాలి. మొదట్లోనే కనిపెడితే గట్టి నీటిధారతో కడిగి, వేపనూనె కొడితే అదుపులోకొస్తుంది.

బరువు సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. తడిమట్టి నిండిన 20 లీటర్ల పెయింట్ బకెట్ 30 కిలోలకు తక్కువ తూగదు. మనుషులు తిరిగే మిద్దెకు మన ప్రమాణాల ప్రకారం లెక్కలో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే అలాంటి బకెట్లు ఐదు. పాత ఇళ్లలో ఆ మేరకైనా ఆగుతుందో లేదో ఇంజనీరుకు చూపించుకోవాలి. మట్టిలో సగం కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలిపితే బరువు తగ్గుతుంది. బరువైన కుండీలను మిద్దె మధ్యలో కాకుండా, కింద గోడలూ దూలాలూ ఉన్నచోట పెట్టుకోవడం మేలు.

ఇంత చేసినా వచ్చేది వారానికి రెండు మూడు పూటల కూరే. ఇంటిల్లిపాదికీ కావాల్సిన కూరగాయలన్నీ మిద్దె మీదే పండుతాయని ఊరించే వీడియోలను నేను నమ్మను. పైగా ఉగాది పచ్చడి తీసుకోండి. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం: వీటిలో ఒక్కటైనా కుండీలో వస్తుందా? చింతచిగురు సంగతీ అంతే. పెద్ద చెట్టెక్కి కొమ్మ కొమ్మకూ దూసి తేవాలి, దూసిన రోజే అమ్ముడుపోవాలి, లేకపోతే వాడిపోతుంది. ఈ కాలంలో రైతుబజారుకు వెళ్లడానికి ఆ చిగురు, లేత ములక్కాడలు చాలు.

రైతుబజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరిలో మొదలయ్యాయి. పంజాబ్‌లో 1987లో పెట్టిన అప్నీ మండీ వీటికంటే ముందుది. తమిళనాడు ఉళవర్ సందైలు మనవాటి తర్వాత, అదే ఏడాది నవంబరులో మదురైలో మొదలయ్యాయి. హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువ, బయటి రిటైల్ కంటే కాస్త తక్కువ ధర పెట్టి రోజూ బోర్డు మీద రాయాలన్నది ఏర్పాటు. రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చారు, సరుకు తేవడానికి ఆర్టీసీ బస్సులు నడిపారు. రైతుల పేరుతో వ్యాపారులు బల్లలు పట్టేశారన్న ఫిర్యాదు మాత్రం ఇప్పటికీ పోలేదు. బల్ల దగ్గర ఉన్నవాళ్లను ఏ ఊరు, ఎప్పుడు కోశారు అని అడిగి చూడండి. పండించినవాళ్లు తడుముకోకుండా చెబుతారు, అడక్కుండానే నీళ్ల కష్టం కూడా చెబుతారు.

కుండీలో ఒక్క సీజన్ టమాటా పెంచినవాళ్లు ఆ బల్ల దగ్గర బేరమాడే తీరు మారుతుంది. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు మనమంతా గగ్గోలు పెట్టాం. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి కోతకూలి కూడా రాక రైతులు టమాటాను రోడ్డు మీద పారబోసినప్పుడు ఆ గగ్గోలు వినబడలేదు. మిద్దెతోటలకు సబ్సిడీ కిట్లు ఇవ్వడం మంచిదే. కానీ నగరవాసి సొంతంగా పండించుకుంటున్నాడన్న పేరుతో రైతుబజార్లను గాలికొదిలేస్తే మాత్రం నష్టం ఇద్దరికీ.

హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయలతో బయోగ్యాస్, కరెంటు తయారుచేస్తున్నారు. మామూలు రైతుబజార్లలో సాయంత్రానికి పోగుపడే ఆకులూ తొక్కలనూ అక్కడికక్కడే ఎరువుగా మార్చి, మిద్దెతోటలవాళ్లకు కిలోల లెక్కన అమ్మొచ్చు. జూన్ మొదట్లో వంగ, టమాటా, మిరప నారు రైతుల చేతే అక్కడ అమ్మించొచ్చు. అంతకంటే ముందు మార్చి, ఏప్రిల్ నెలల్లో మిట్టమధ్యాహ్నం కూర్చునే రైతులకూ, వాళ్ల ఆకుకూరలకూ సరైన నీడ, తాగునీళ్లు చూడాలి. దానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.